రామప్ప గుడి: కొత్తదనము, నిలుకడ



నా వద్ద చదువుకొన్న యువకుడొకడు సాఫ్ట్‌వేర్ నిర్మించు పనిలో నున్నాడు. అతడు మొన్న వచ్చి, "పంతులుగారూ, వారమునకొక కొత్త యూహ పుట్టుచున్నది. వెనుకటి పని ముగియకమున్నే దానిని చేర్చుమనుచున్నారు. కొత్తను మానినచో వెనుకబడుదుము. అన్నియు చేర్చినచో వస్తువే పూర్తికాదు. ఏమి చేయవలెను?" అని యడిగెను. ఆ విద్య నేనెఱుగను. కాని యిట్టి చిక్కునే విప్పిన వారు మన ఓరుగల్లు సీమలో నుండిరని చెప్పి, అతనిని పాలంపేటకు పొమ్మంటిని.

హనుమకొండలోని వేయిస్తంభముల గుడిని కాకతి రుద్రదేవుడు 1163లో కట్టించెను. ఏబదియేండ్లకు, 1213లో, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రుద్రేశ్వరుని నెలకొల్పెను. అదియే రామప్ప గుడి. ఆ పని సుమారు నలువదియేండ్లు సాగినదని చరిత్రకారుల తలంపు.

ఈ రెండు గుళ్లను పోల్చి చూడుడు. ఎత్తైన అధిష్ఠానము, దానిపై ప్రదక్షిణమునకు తావు, నడుమ రంగమండపము, నున్నని నల్లరాతి స్తంభములు రెండింటను కలవు. పునాదిలో ఇసుక నింపు పద్ధతి పాలంపేటనేగాక హనుమకొండ గుడి యెదుటి మండపమునందును కలదు. పెద్దలనాటి పద్ధతి పనికివచ్చినచోట రామప్ప శిల్పులు దానిని విడువలేదు.

మఱి కొత్తదనమును ఎచ్చట చూపిరి? భారము విషయమున. శిఖరమును సయితము రాతితోనే యెత్తినచో ఆ బరువంతయు గర్భగృహపు గోడలపైని, వానినుండి పునాదిపైని పడును. అందుచేత నీటిపై తేలునంత తేలికయైన ఇటుకలను కాల్చి శిఖరమును కట్టిరి. ఇటుకలోపలి సన్నని రంధ్రములే ఆ తేలికకు కారణము. గోడలకు ఎఱ్ఱని ఇసుకరాయిని, వెలుపలి స్తంభములపై నిలిచిన మదనికలకు గట్టి నల్లరాయిని వాడిరి. తేలిక ఇటుక గొప్పదని దానిని గోడలకు దింపలేదు. నల్లరాయి యందమైనదని దానిని శిఖరమున కెక్కింపలేదు. ప్రతి వస్తువును, "ఈ గుడి నిలుచుటకు నీవెచ్చట తోడ్పడుదువు?" అని యడిగి, ఆ చోటనే యుంచిరి.

వారి పని లోపరహితమని నేననను. కాలక్రమమున నేల యచ్చటచ్చట కుంగినది. కొన్ని స్తంభములు ఒరిగినవి. అయినను 1323లో ఓరుగల్లు పడిపోయిన పిమ్మటను గుడి నిలిచినది. శిఖరము నేటికిని దానిపై నున్నది. 2021 జూలై 25న యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

ఆ యువకుడు పాలంపేటకు పోయివచ్చెను. "పంతులుగారూ, మా పట్టికలో ఇరువది కొత్తలున్నవి. మా గుడికి కావలసినవి రెండే" యనెను. తక్కిన పదునెనిమిదింటి సంగతి యేమని యడిగితిని. కొంతసేపు మాటాడలేదు. పైవారికి వలదని చెప్పుట ఉద్యోగికి సులభము కాదు. ఇటుకను గోడకు వలదన్న శిల్పికిని ఆనాడు సులభమై యుండదు. రేపు పోయి చెప్పెదనని అతడు సెలవు తీసికొనెను.

నేనును సెలవు తీసికొందును.