హ్యాండిలా? సెల్ఫా?

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ ఒకటి ఉంది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయించుకొన్న సిల్వర్ ఘోస్ట్ అది. ఆయన 1911లో కాలం చేశారు. కారు ఆ పిమ్మట ఊరు చేరింది. వెనుక సీటును సింహాసనంగా మలిచారు గనుక చూడవచ్చినవారి కళ్ళన్నీ దానిమీదే. నాకు మాత్రం వేరొక సంగతి తోస్తుంది. ఆనాటి సిల్వర్ ఘోస్ట్‌కు సెల్ఫ్ లేదు. అది 1919లో వచ్చింది. ప్రభువు సింహాసనమెక్కినా, బండి కదలాలంటే ముందొకడు నడుము వంచి హ్యాండిల్ తిప్పవలసిందే!

(సెల్ఫ్ స్టార్టర్ అనే సమాసంలో విశేష్యాన్ని వదిలి విశేషణాన్ని ఉంచుకొన్నారు మన మెకానిక్కులు. ‘సెల్ఫ్ పోయింది’ అంటే ఏ వేదాంతి అయినా ఉలిక్కిపడతాడు.)

ఇటువంటి పాతకార్లకు ఇప్పుడు సెల్ఫ్ అమర్చవచ్చునా, కూడదా అన్నది వాటి అభిమానుల మధ్య తెగని వివాదం. తెలుగు పండితుడికి ఇనుముతో పనేమని మిత్రులు అడగవచ్చు. తాళపత్ర ప్రతుల పరిష్కరణ గురించి చదువుకొన్నవాడికి ఈ తగవు చిరపరిచితమే.

హ్యాండిల్ తిప్పడం ఒక విద్య. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్-టి కారునే చూడండి. ముందుగా స్టీరింగు ఎడమవైపున్న స్పార్కు మీటను పైకి నెట్టాలి. అప్పుడు నిప్పురవ్వ ఆలస్యంగా పుడుతుంది. పిమ్మట ఎడమచేత్తో, బొటనవేలిని తక్కిన వేళ్ళ సరసనే ఉంచి, హ్యాండిల్‌ను కిందినుంచి పైకి లాగాలి. మీట సంగతి మరిచారా, పిస్టన్ పైకి చేరకమునుపే ఇంధనం మండి, హ్యాండిల్ వెనక్కు విసురుగా తిరుగుతుంది. బొటనవేలు చుట్టి పట్టుకొన్నవాడి మణికట్టు విరిగిందన్నమాటే. ఆ విరుపునకు వైద్యశాస్త్రంలో ‘షోఫర్స్ ఫ్రాక్చర్’ అన్న పేరు నేటికీ నిలిచి ఉంది.

ఈ బాధ తీర్చినవాడు చార్లెస్ కెటరింగ్. ఆయన అంతకుముందు డేటన్ నగరంలో నేషనల్ క్యాష్ రిజిస్టర్ సంస్థలో పనిచేస్తూ, దుకాణాల గల్లాపెట్టెను విద్యుత్తుతో నడిపించాడు. చిన్న మోటారైనా క్షణకాలంపాటు తన శక్తికి మించిన బరువు లాగగలదని అక్కడ గ్రహించాడు. రోజంతా తిరిగే మోటారును దృష్టిలో పెట్టుకొని లెక్కవేస్తే కారులో పట్టనంత యంత్రం కావాలి. ఇంజను అందుకొనేవరకే తిరిగేదానికి అంత అక్కరలేదు. 1912 క్యాడిలాక్ కారులో ఆ సెల్ఫ్ వచ్చింది. ఇంజను నడుస్తున్నంతసేపూ అదే యంత్రం బ్యాటరీకి విద్యుత్తునిచ్చేది.

సెల్ఫ్ వచ్చాకనే స్త్రీలు కార్లు నడిపారని కొందరు రాస్తారు. ఇది సగం మాటే. 1909లో ఇరవైరెండేళ్ళ ఆలిస్ రామ్సే, ముగ్గురు స్త్రీలను వెంటబెట్టుకొని, హ్యాండిల్‌తో నడిచే మ్యాక్స్‌వెల్ కారులో న్యూయార్కు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 59 రోజుల్లో వెళ్ళింది. నలుగురిలో కారు నడపడం తెలిసినది ఆమె ఒక్కతే.

ఫోర్డ్ మాత్రం 1919 వరకు సెల్ఫ్ అమర్చలేదు. ఆ లోపల ఇతరులు తయారుచేసిన స్టార్టర్లను కొని బిగించుకొన్న యజమానులెందరో. ఇప్పుడు చెప్పండి: 1914 నాటి మోడల్-టికి ఆ రోజుల్లోనే ఎవరో తగిలించిన స్టార్టరును ఊడదీయాలా, ఉంచాలా? మా పరిభాషలో అది ప్రక్షిప్తం. మూలకవి రచన కాదు, నిజమే. అయినా తొలి పాఠకుల కాలంలోనే చేరిన పద్యం ఆ కావ్యచరిత్రలో భాగమవుతుంది. దానిని చెరిపివేయడం నాకు సమ్మతం కాదు. ఈనాడు కొత్తగా తగిలించే స్టార్టరు వేరు. బ్రౌను దొర అనేక ప్రతులు తెప్పించి పండితులచేత పోల్పించింది, ఏ మాట ఏ చేతినుంచి వచ్చిందో తేలడానికే కదా.

2012లో ప్రాచీన వాహనసంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ ఇంచుమించు ఇదే చెబుతుంది. తప్పనిసరైన మార్పు మళ్ళీ తీసివేయదగినదిగా ఉండాలి, నమోదు కావాలి. చౌమహల్లాలోని కారు ప్రదర్శన వస్తువు. దానికి సెల్ఫ్ ఎందుకు? భుజం నొప్పితో ఉన్న డెబ్బైయేళ్ళ పెద్దాయన తన మోడల్-టికి అమర్చుకొంటానంటే మాత్రం నేను అడ్డుచెప్పను. కొత్తగా ఒక్క రంధ్రమూ తొలవకూడదు. విప్పిన సామాను చీటీ కట్టి పెట్టెలో భద్రపరచాలి. పాఠాంతరాన్ని అధోజ్ఞాపికలో ఉంచినట్లన్నమాట.

ఇక ఆరు వోల్టుల సెల్ఫ్ ఉన్న కార్లను పన్నెండుకు మార్చే ఉబలాటం ఒకటుంది. పాత సెల్ఫ్‌కే పన్నెండు వోల్టులిస్తే అది మితిమీరిన వేగంతో పోయి ఫ్లైవీల్ పళ్ళను కొడుతుంది. అసలు దోషం చాలాసార్లు సెల్ఫ్‌లో ఉండదు. వోల్టేజీ సగమైతే అదే పనికి రెట్టింపు కరెంటు పారాలి. సన్నని కేబులూ తుప్పుపట్టిన ఎర్తూ దానిని మోయలేవు. వందేళ్ళ యంత్రాన్ని విప్పేముందు లావుపాటి కేబుళ్ళు వేయించి, ఎర్త్ బిగించేచోట లోహం మెరిసేదాకా గీకించి, ఒకసారి సెల్ఫ్ కొట్టి చూడమనండి.