మెజ్జిబిజ్ పన్నుచిట్టాలు

ఉక్రెయిన్ దేశమున పొదోలియా మండలమునందు దక్షిణ బూహ్ నదిలో బూజోక్ అను నేరు కలియుచోట మెజ్జిబిజ్ అను చిన్న యూరు గలదు. నదుల నడుమ నున్నదని యా పేరునకు భావము. అందలి పూర్వపదము సంస్కృత మధ్యశబ్దమునకు సజాతీయము. ప్రాచీన రూసు వృత్తాంతగ్రంథములలో 1146వ సంవత్సరము క్రింద నీ పేరు కానవచ్చును. యూదులు 16వ శతాబ్దినుండి యిచట నుండిరి. 1648 నాటి కొసాకుల తిరుగుబాటును, 1672 మొదలు 1699 వఱకు సాగిన తురుష్కుల యేలుబడియు మండలమును కలచివైచెను. 18వ శతాబ్దిలో నీ యూరు పోలండు ప్రభువులగు చార్తోరిస్కీ వంశమువారి జమీలో జేరెను.

యూదులలో హసీదులను భక్తిసంప్రదాయమునకు మూలపురుషుడగు ఇజ్రాయెల్ బెన్ ఎలియేజర్ 1740 నాటికి నిచట నివసించుచు, 1760లో నిచటనే మృతి నొందెను. ఆతనిని బాల్ షెం తోవ్ అందురు. హీబ్రూభాషలో బాల్ అనగా స్వామి, షెం అనగా నామము, తోవ్ అనగా మంచిది. ఈ తోవ్ శబ్దము నామమునకు విశేషణమా, స్వామికి విశేషణమా? స్వామికే యని నాకు దోచుచున్నది. ఏలన, బాల్ షెం అనునది యొక్కని బిరుదము గాదు. భగవన్నామములతో రక్షరేకులు కట్టి రోగములు మాన్పు వారి కెల్ల నది వృత్తినామము. అట్టివారిలో నీతడు మేటి యని తాత్పర్యము.

ఆతని కథలు 1814లో, అనగా నాతడు పోయిన 54 ఏండ్లకు, హీబ్రూలో నచ్చుపడెను. అందు అద్భుతములు మెండు. వానిని బట్టి యాతడు సంఘపు పెద్దలను ధిక్కరించి పామరులతో దిరిగినవా డని చరిత్రకారులు కొందఱు వ్రాసిరి. క్రాకౌ నగరమున నున్న చార్తోరిస్కీ వారి దస్తరములను శోధించి మోషే రోస్మన్ 1996లో ప్రకటించిన గ్రంథము ఈ మతమును ఖండించినది. జమీ గుమాస్తాలు పోలిష్ భాషలో వ్రాసిన యిండ్లపన్ను చిట్టాలలో 1740లో కబ్బాలావేత్త యనియు, 1760లో బాల్షెం వైద్యుడనియు నొకడు కానవచ్చును. కబ్బాలా యనగా యూదుల రహస్యవిద్య. ఆతడున్న యిల్లు కహల్ అను యూదసంఘమువారిది. దానికి పన్ను లేదు. సంఘము ధిక్కారికి ఇల్లిచ్చి పోషించునా? గుమాస్తాకు మహిమలతో బనిలేదు, పన్ను వచ్చునా రాదా యనుటయే కావలయును. కావుననే యాతని వ్రాత నమ్మదగినది.

1897 నాటి జనగణనలో నిచట ఎనిమిదివేల పైచిలుకు జనులలో ఆఱువేలమంది యూదులు. 1941లో జర్మనులు ఊరు నాక్రమించిరి. 1942లో మిగిలిన యూదులను గుంటలకడ గాల్చి చంపిరి. పాత శ్మశానమున బాల్ షెం తోవ్ సమాధి యున్నది. దూరదేశముల హసీదులు దానికి యాత్ర వచ్చుచున్నారు.