బండిలో "భూమి" ఎక్కడిది? ఎర్త్ వైరు కథ

కారు నిలబడేది నాలుగు రబ్బరు టైర్ల మీద. భూమికీ దానికీ కరెంటు సంబంధం ఏమీ లేదు. అయినా ఏ మెకానిక్ షెడ్డుకి వెళ్ళినా "ఎర్త్ సరిగ్గా అందట్లేదు సార్" అన్న మాట వినపడుతుంది. మరి బండిలోకి ఈ భూమి ఎక్కణ్ణుంచి వచ్చింది? టైపు మిషను పోయినా కీబోర్డు మీద "రిటర్న్" అన్న పేరు మిగిలిపోయినట్టు, ఇదీ ఒక లెగసీ పేరే. టెలిగ్రాఫు కాలం నుంచి మోసుకొస్తున్నాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఎర్త్ లూజవడం వల్ల బళ్ళు ఆగిపోవడం మెకానిక్కుల తెలివితక్కువ వల్ల వచ్చిన సమస్య కాదు. దాదాపు 190 ఏళ్ళ కిందట చేసిన ఒక ఆప్టిమైజేషన్‌కి మనం ఇంకా కడుతున్న వడ్డీ అది.

జర్మనీలో మొదటి రైలు మార్గం 1835లో న్యూరెంబర్గ్, ఫ్యూర్త్ ఊళ్ళ మధ్య మొదలైంది. మ్యూనిక్‌లో కార్ల్ ఆగస్ట్ స్టైన్‌హైల్ అనే శాస్త్రజ్ఞుడు ఆ రెండు పట్టాలనే రెండు తీగలుగా వాడుకుని టెలిగ్రాఫు నడపొచ్చేమో అని చూశాడు. కుదర్లేదు. కరెంటు పట్టాల నుంచి నేలలోకి కారిపోతోంది. మనమైతే అక్కడితో "బగ్" అని రాసి టికెట్ మూసేసేవాళ్ళం. ఆయన మాత్రం, నేల అంత బాగా కరెంటుని మోస్తుంటే వెనక్కి తెచ్చే రెండో తీగ ఎందుకు అనుకున్నాడు. 1838లో అది నిరూపించాడు కూడా. వెళ్ళడానికి ఒక తీగ, రావడానికి నేల. రాగి ఖర్చు సగం మిగిలింది. టెలిగ్రాఫు ఖండాలు దాటడానికి ఈ పొదుపు చాలా సాయపడింది.

ఇబ్బంది 50 ఏళ్ళ తర్వాత బయటపడింది. టెలిఫోన్లు కూడా మొదట్లో ఒంటి తీగ, నేల పద్ధతిలోనే నడిచాయి. 1880ల చివర్లో అమెరికా ఊళ్ళలోకి ఎలక్ట్రిక్ ట్రాములు వచ్చాయి. ట్రాము కరెంటూ వెనక్కి వెళ్ళేది పట్టాల్లోంచీ, నేలలోంచే. ఇంకేముంది, ఫోన్లలో మాటలకి బదులు గురగుర! అందరూ ఒకే గ్లోబల్ వేరియబుల్‌ని వాడితే ఏమవుతుందో మనకి వేరే చెప్పక్కర్లేదు. చివరికి టెలిఫోన్ కంపెనీలు ఓడిపోయి రెండు తీగల పద్ధతికి మారాయి.

కార్ల వాళ్ళు మాత్రం మారలేదు. మొదట్లో కొందరు రెండేసి తీగలు వేసినా, చివరికి నిలిచింది ఒంటి తీగ పద్ధతే. ఇనప ఛాసిస్ ఎలాగూ ఉంది కదా, వెనక్కి వచ్చే దారి అదే అన్నారు. పేరు మాత్రం "ఎర్త్" అనే ఉండిపోయింది. 1912 మోడల్ కాడిలాక్‌లో ఛార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. అంతవరకూ దీపాలకీ హారనుకీ సరిపోయిన దారిలో ఇప్పుడు వందల ఆంపియర్లు పారాలి. అయినా ఇంజను బోల్టులతో ఛాసిస్‌కి నేరుగా బిగించి ఉన్నన్నాళ్ళూ పెద్ద గొడవ లేదు.

అసలు మలుపు 1931లో వచ్చిందని నేననుకుంటా. ఇంజను అదురు మనుషులకి తెలీకుండా ప్లిమత్ కారులో రబ్బరు మౌంట్లు పెట్టి, దానికి "ఫ్లోటింగ్ పవర్" అని పేరు పెట్టి అమ్మారు. మంచి ఆలోచనే, కానీ రబ్బరులోంచి కరెంటు వెళ్ళదు. అంటే ఇంజను ఇప్పుడు కరెంటు లెక్కలో ఒక ద్వీపం. దాన్ని ఛాసిస్‌కి కలపడానికి జడలా అల్లిన ఒక రాగి పట్టీ కావాలి. ఇంజను ఊగినప్పుడల్లా అది ఊగుతుంది, వాన నీళ్ళూ బురదా పడుతుంటాయి. రాగీ ఇనుమూ కలిసిన చోట తడి చేరితే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో సంగతి చెప్పక్కర్లేదు.

ఆ పట్టీ తెగితే కరెంటు ఆగిపోతుందనుకుంటాం. ఆగదు, వేరే దారి వెతుక్కుంటుంది. చోక్ కేబులో, యాక్సిలరేటర్ కేబులో ఇంజనుకీ బాడీకీ మధ్య ఉన్న ఇంకేదైనా లోహమో దొరికితే దాంట్లోంచి పోతుంది. అది ఎర్రగా కాలుతుంది. ఓనరు మాత్రం "కేబుల్ కాలింది" అని కొత్త కేబుల్ వేయిస్తాడు. వారం తిరక్కుండా అదీ కాలుతుంది.

పూర్తిగా తెగకపోయినా చాలు. లెక్క చూడండి: సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు తీసుకునే బండిలో, ఎర్త్ బోల్టు దగ్గర తుప్పు వల్ల 0.02 ఓమ్ అడ్డు వచ్చిందనుకుందాం. 150 ని 0.02 తో గుణిస్తే 3 వోల్టులు. 12 లో 3 అక్కడే పోయాయి. సెల్ఫ్ "టక్" మని ఊరుకుంటుంది. "బ్యాటరీ పోయింది సార్" అని కొత్త బ్యాటరీ అంటగడతారు. కొత్త దానికి బలం ఎక్కువ కాబట్టి నాలుగు రోజులు నడుస్తుంది కూడా! అదే అసలు మోసం. పోనీ మల్టీమీటరు పెట్టి చూద్దామంటే, మామూలు మీటరుకి 0.02 ఓమ్ ఆనదు. పది పోగుల్లో తొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా కంటిన్యూటీ "బీప్" వస్తుంది. యూనిట్ టెస్టు పాసై, లోడు పడితే పడిపోయే సర్వరు లాంటిదన్నమాట. సరైన పద్ధతి ఒకటే. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కీ ఇంజను బ్లాకుకీ మధ్య వోల్టులు చూడాలి. 0.2 అటూ ఇటూ ఉంటే మంచిదే. 0.5 దాటితే బోల్టు విప్పాల్సిందే.

కంప్యూటర్లు వచ్చాక కథ ముదిరింది. 1967లో ఫోక్స్‌వాగన్ 1600 కారులో బాష్ వాళ్ళ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ వచ్చింది. అప్పట్నించీ ఎర్త్ అంటే కరెంటు తిరిగొచ్చే దారి మాత్రమే కాదు, కొలతలకి "సున్నా" కూడా. సున్నా 0.3 వోల్టులు జరిగితే సెన్సారు నిజమే చెప్పినా ఈసీయూకి అబద్ధంగానే వినపడుతుంది. స్కానర్ పెడితే "సెన్సారు చెడింది" అని కోడు వస్తుంది. సెన్సారు మారుస్తారు, అదే కోడు. ఈసీయూ మారుస్తారు, అదే కోడు. పదివేలు వదిలాక ఎవరో ముసలి ఆటో ఎలక్ట్రీషియన్ వచ్చి, ఒక బోల్టు విప్పి, సాండ్ పేపరుతో నాలుగు రుద్దులు రుద్ది బిగిస్తాడు. అంతే సంగతులు.

ఇది ఎందుకు మళ్ళీ మళ్ళీ జరుగుతుంది? నా మటుకు నాకు తోచిన కారణం డ్రాయింగు. ఏ వైరింగ్ డయాగ్రం తీసినా, ప్రతి తీగా మూడు అడ్డగీతల ఎర్త్ గుర్తు దగ్గర ఆగిపోతుంది, ప్రయాణం అక్కడితో ముగిసినట్టు. నిజానికి అక్కడికి సగం సర్క్యూటే అయింది. మిగతా సగం తుప్పూ, పెయింటూ, లూజు నట్లూ దాటి బ్యాటరీకి చేరాలి. బొమ్మలో లేనిదాన్ని ఎవరూ అనుమానించరు. మన ఆర్కిటెక్చర్ బొమ్మల్లో డీఎన్ఎస్‌కి ఎవరైనా పెట్టె గీస్తారా? సిస్టం మొత్తం పడిపోయిన రోజున చివర్లో తేలేది మాత్రం చాలాసార్లు అదే.

కార్ల దగ్గర పోయేది డబ్బే కదా అనొచ్చు. 2024 మార్చి 26న బాల్టిమోర్‌లో డాలీ అనే ఓడలో కరెంటు పోయి, అది ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెనని గుద్దింది. వంతెన మీద పనిచేస్తున్న ఆరుగురు కార్మికులు చనిపోయారు. ఓడ సిబ్బందిలో ఎక్కువమంది మన భారతీయులే. మొదట కరెంటు ఎందుకు పోయిందో 2025 నవంబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ఒక సిగ్నల్ వైరుకి తొడిగిన లేబుల్ అడ్డుపడి, ఆ వైరు టెర్మినల్‌లోకి పూర్తిగా దిగలేదు. అది ఎర్త్ వైరు కాదు, నిజమే. కానీ జబ్బు ఒకటే: చూడ్డానికి తగిలించినట్టే ఉంటుంది, తగలదు.

స్టైన్‌హైల్‌ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. సగం రాగి మిగల్చడం గొప్ప పనే. మిగల్చిన ఆ సగాన్ని బొమ్మలోంచి కూడా తీసేయడమే మన తప్పు. కాబట్టి ఈసారి బండి మొరాయిస్తే, బ్యాటరీకో ఈసీయూకో డబ్బులు కట్టే ముందు ఒక్క మాట అడగండి: "ఎర్త్ చూశావా?" చూశానంటే, "లోడు మీద చూశావా?" అని కూడా.