ఇన్వర్‌కార్గిల్ కొట్టములోని ఇనుప గుఱ్ఱము

కమ్మరి కొలిమియొద్ద కూర్చుండి పని చూచిన పెద్దలకు నేనిప్పుడు చెప్పబోవు వృత్తాంతము మిక్కిలి క్రొత్తగా తోచదు. అరిగిపోయిన కఱ్ఱును తెచ్చిన రైతును కమ్మరి "క్రొత్తది కొనుక్కొమ్ము" అని పంపివేయడు. దానినే కాల్చి, సాగగొట్టి, పదును పెట్టి మరల పొలమునకు పంపును. ఇట్టి స్వభావము గల మనుష్యుడొకడు మనకు బహుదూరమున, న్యూజీలాండు దేశపు దక్షిణపు కొనయందు నివసించెను. అతడు చేతబట్టినది నాగలి కాదు, మోటారు సైకిలు. అదియు ఒకనాటి పని కాదు. నలువదేండ్లకు పైబడిన పని.

అతని పేరు బర్ట్ మన్రో. 1899 మార్చి 25వ తేదీన ఇన్వర్‌కార్గిల్ పట్టణమున జన్మించి, ఆ సమీపముననే ఎడెన్‌డేల్ అను చోట తండ్రి సేద్యపు క్షేత్రమున పెరిగెను. న్యూజీలాండు పటమును చూచినచో ఇన్వర్‌కార్గిల్ అట్టడుగున కనబడును. అచ్చటినుండి ఇంకను దక్షిణమునకు పోయినచో చిన్న దీవులును, సముద్రమును, ఆవల మంచు ఖండమును తప్ప మఱేమియు లేదు. యంత్రములు తయారగు నగరములకు అంత దూరమున నుండువాడు కావలసిన దానిని తానే చేసికొనుటకు అలవాటు పడుట వింత కాదు.

1920లో, ఇరువదియొక్క యేండ్ల వయస్సున, మన్రో క్రొత్త మోటారు సైకిలు నొకదానిని కొనెను. దాని పేరు 'ఇండియన్ స్కౌట్'. ఈ పేరు విని అది మన దేశమున తయారైనదని శ్రోతలు భ్రమపడరాదు. జార్జి హెండీ అను వ్యాపారియు, ఆస్కార్ హెడ్‌స్ట్రామ్ అను యంత్రశిల్పియు కలిసి అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు నగరమున 1901లో ఆ వాహనముల నిర్మాణమును ప్రారంభించిరి. ఆ పేరు అమెరికా ఆదిమవాసులను ఉద్దేశించి పెట్టినది. కొలంబసు తాను చేరిన దీవులను మన దిక్కు దేశములని తలచి అచ్చటి ప్రజలకు పెట్టిన తప్పుడు పేరు, నాలుగు వందల యేండ్ల పిమ్మట పోయి ఒక వాహనమునకు అంటుకొనెను. అంతకు మించి అందులో మనకు వాటా లేదు.

స్కౌట్‌ను రూపొందించినవాడు ఐర్లండునుండి వచ్చిన చార్లెస్ ఫ్రాంక్లిన్. దాని ఇంజను సామర్థ్యము సుమారు 600 ఘన సెంటీమీటర్లు. రెండు సిలిండర్లు తెఱచిన కత్తెరవలె ఒకదానికొకటి వాలుగా నుండును. గేర్లు మూడు, వానిని చేతితో మార్చవలెను. గంటకు 55 మైళ్లు పోగలుగుటయే దాని గరిష్ఠ వేగము. ఎడ్లబండ్లును గుఱ్ఱపుబండ్లును తిరుగు ఆ దినములలో అది అల్ప వేగమని యెవ్వరును అనియుండరు. మన్రోకు మాత్రము అది చాలలేదు.

1926 ప్రాంతమునుండి అతడా యంత్రమును విప్పుట మొదలుపెట్టెను. పగలు మోటారు సైకిళ్లు అమ్ముచు, బాగుచేయుచు జీవనము గడుపును. రాత్రి తన బండి ముందు కూర్చుండును. తెల్లవారువఱకు పనిచేసి, అట్లే ఉద్యోగమునకు పోయిన దినములును కలవు. చేతిలో ధనము లేదు. కావున పనిముట్లు సైతము తానే చేసికొనెను. పాత డబ్బాలను మూసలుగా చేసి, లోహమును కరగించి పోసి భాగములను పోతపోసెను. పిస్టనులు, సిలిండర్లు, తిరుగుడు చక్రములు అన్నియు ఇంటిలో పుట్టినవే. పిస్టనును ఇరుసుతో కలుపు కడ్డీలను ఒక ట్రాక్టరు ఇరుసునుండి చెక్కి, కాల్చి, పదును పెట్టెను. వెండ్రుకవాసి తేడాలను కొలుచుటకు కర్మాగారములలో వెలగల సూక్ష్మమాపకము లుండును. మన్రోకు చక్రపు పుల్ల యొకటి ఆ పని చేసిపెట్టెను. మన వడ్రంగి పురికొసతో కొలిచి తలుపును చౌకట్టులో బిగించుటను చూచినవారికి ఇది నమ్మదగిన మాటయే.

అతడు చేసిన మార్పులలో ప్రధానమైనదానిని కొంచెము వివరింపవలెను. ఇంజనులోనికి గాలియు ఇంధనమును కలిసిన ఆవిరి రావలెను, మండిన పిదప పొగ వెలికి పోవలెను. ఇందుకు తలుపులవంటి కవాటములుండును. స్కౌట్‌లో నవి సిలిండరు ప్రక్కన నుండెను. అందుచేత వచ్చు ఆవిరి మలుపు తిరిగి లోనికి రావలసి యుండెను. కాలువ నీరు తూము వద్ద మడత తిరిగినప్పుడు వడి తగ్గుట రైతులకు తెలిసినదే. మన్రో ఆ తలుపులను సిలిండరు నెత్తిపైకి మార్చి, త్రోవను తిన్నగా చేసెను. మఱియు రెండు కవాటములకు ఒక్కటి చొప్పున వానిని ఎత్తెడు మెట్టచక్రము లుండగా, ఆ రెంటిని నాలుగుగా చేసి, ఏ కవాటము ఎప్పుడు తెఱచుకొనవలెనో దేనికి దానిని సవరించుకొను వీలు కల్పించెను. ఇట్టి పనిని ఉద్యోగులు, నమూనాశాలలు గల సంస్థలు చేయును. ఇచ్చట చేసినవాడు ఒక్కడు, ఒక కొట్టములో.

ఇది వరుస విజయముల కథ యని మాత్రము తలపవలదు. అతడు చేసిన భాగములలో చాలవఱకు పగిలిపోయెను. కరగి అంటుకొనిన పిస్టనులు, విఱిగిన కడ్డీలు, చీలిన సిలిండర్లు కుప్పలుగా పడెను. తానును పెక్కుమాఱులు బండిపైనుండి పడి గాయపడెను. పాడైన భాగములను మన్రో పారవేయలేదు. గోడనున్న బల్లలపై వరుసగా పేర్చి, వానిపై 'వేగదేవునకు నైవేద్యములు' అను అర్థమిచ్చు మాటలు వ్రాసి పెట్టెను. పరిహాసమున కట్లు వ్రాసెనో, భక్తితో వ్రాసెనో చెప్పజాలను. రెండును కొంత కొంత యుండియుండును.

అన్నింటికంటె పెద్ద నైవేద్యము ఆ బల్లపై కనబడదు. 1927లో అతడు వివాహమాడెను. నలుగురు బిడ్డలు కలిగిరి. 1947లో భార్యాభర్తలు విడిపోయిరి. ఆ తరువాత కొలదికాలమునకే ఉద్యోగమునుగూడ మానివేసి, బండి నుంచుకొను కొట్టమునందే కాపురము పెట్టెను. యంత్రము ప్రక్కనే మంచము. ఇతని పట్టుదలను పొగడువారు ఈ భాగమును తేలికగా దాటిపోవుదురు. నాకట్లు దాటిపోవుట న్యాయముగా తోచదు. ఒక సంసారము నడచుచుండగా, ప్రతి రాత్రియు ఇంటి పెద్ద ఇనుముతో గడపినచో ఇంటిలోనివారు ఏమి అనుభవింతురో మనకు తెలియని విషయము కాదు. ఆ బండి వేగమును లెక్కించునప్పుడు ఈ ఖర్చునుకూడ ఆ పద్దులోనే వ్రాయవలెను.

ఇక అమెరికాలోని యూటా రాష్ట్రమున బోన్‌విల్ అను ఉప్పుమైదానము కలదు. ప్రాచీన కాలమున అచ్చట మహాసరస్సొకటి యుండి ఎండిపోగా, దాని అడుగున ఉప్పు పేరుకొని నేల అద్దమువలె చదునయ్యెను. శీతకాలమున నీరు నిలుచును. వేసవిలో ఎండి గట్టిపడును. మైళ్ల పొడవున ఎత్తుపల్లములు లేని ఆ నేలపైననే వేగపు పందెగాండ్రు తమ వాహనములను పరీక్షించుకొందురు. మన్రో మొదటిసారి 1957లో పోయి చూచి మాత్రము వచ్చెను. తరువాత 1962లో, అఱువదిమూడేండ్ల వయస్సున, తన బండిని సముద్రము దాటించి తీసికొనిపోయెను. గాలిని చీల్చుకొని పోవుటకై చేప ఆకారము గల తొడుగును దానిపై అమర్చియుండెను. అప్పటికి ఇంజను 850 ఘన సెంటీమీటర్లకు పెరిగియుండెను. ఆ యేట గంటకు 178.97 మైళ్ల వేగముతో తన తరగతిలో ప్రపంచ రికార్డు నెలకొల్పెను. 1966లో పై తరగతిలో 168.07 మైళ్లతో మఱియొకటి. 1967లో, ఇంజను 950 ఘన సెంటీమీటర్లు కాగా, వేయి ఘన సెంటీమీటర్లకు లోబడిన తరగతిలో 183.59 మైళ్లు. అర్హత పరీక్షలో ఒక ప్రక్కకు పోయిన పరుగున 190.07 మైళ్లు నమోదయ్యెను.

ఒక ప్రక్కకు పోయిన పరుగు అని ఎందుకంటిననగా, రికార్డుకు ఒక్క పరుగు చాలదు. గాలి వెనుకనుండి తోసినచో వేగము పెరుగును గదా! కావున పోవునప్పటి వేగమును, ఎదురుదిక్కున వచ్చునప్పటి వేగమును చూచి సగటు కట్టుదురు. 1967నాటి ఆ సగటు లెక్కలో ఒక తప్పు దొర్లినది. అది యెవరికిని కనబడక నలువదియేడేండ్లు పుస్తకములలో నిలిచిపోయెను. మన్రో కుమారుడు ఆ అంకెలను మరల చూచి తప్పును పట్టుకొనగా, అమెరికా మోటారు సైకిలు సంఘమువారు 2014లో దానిని సవరించి 184.087 మైళ్లుగా ప్రకటించిరి. తండ్రి రాత్రులను యంత్రమునకు ధారపోసిన యింటిలో పుట్టిన బిడ్డయే, తండ్రి గతించిన ముప్పదియాఱేండ్లకు, ఆయనకు రావలసిన అర మైలును లెక్క చూచి యిప్పించెను. ఈ వృత్తాంతమున నాకు రికార్డుకంటె ఇదియే హెచ్చుగా జ్ఞప్తియందుండును.

బండిని గూర్చి ఒక చిక్కు ప్రశ్న కలదు. సిలిండర్లు మాఱెను, పిస్టనులు మాఱెను, కవాటములు మాఱెను, పైనున్న రూపము మాఱెను. అట్లయినచో 1967లో పరుగెత్తినది 1920లో కొన్న బండియేనా? తాతనాటి గొడ్డలికి తండ్రి పిడి మార్చెను, నేను తల మార్చితిని, అయినను అది తాతనాటి గొడ్డలియే యని మన పల్లెలలో నవ్వుచు చెప్పుకొందురు. మన్రో విషయమున నాకు సందేహము లేదు. ఒక్క దినమున పాతదానిని పాఱవేసి క్రొత్తదానిని తెచ్చినవాడు కాడతడు. ఒక్కొక్క భాగము విఱిగినప్పుడు దాని చోటున మఱియొకటి తన చేతితో చేసి పెట్టెను. దానిని చేసిన సంస్థవారు 1953లోనే స్ప్రింగ్‌ఫీల్డులో తయారీ నిలిపివేసిరి. కొనవలెనన్నను క్రొత్త భాగములు దొరకని కాలమున ఆ బండి తన మొదటి వేగమునకు మూడింతలు మించి పరుగెత్తెను.

మన్రో 1978 జనవరి 6న మరణించెను. 2005లో అతని జీవితమును చలనచిత్రముగా తీసిరి; ఆంథొనీ హాప్‌కిన్స్ అను నటుడు మన్రో వేషము ధరించెను. అవసాన దశలో మన్రో తన వాహనములను పరదేశమునకు పోనీయక, ఇన్వర్‌కార్గిల్‌లోనే ఒక ఇనుప సామానుల వర్తకునికి అమ్మెను. ఆ దుకాణమున మేకులు, తాళములు, కొడవళ్లు కొనవచ్చినవారు నేటికిని ఆ పాత స్కౌట్‌ను ప్రక్కన నిలిచి చూచి పోవుచున్నారు.