దస్తావేజులోని షరతు నుండి ఏజెంటు మౌనం వరకు



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. అమెరికాలో సొంతంగా ఇల్లు కట్టుకునేవారి కంటే కట్టిన ఇల్లు కొనుక్కునేవారే ఎక్కువ. ఆ కొనుగోళ్లు చాలావరకు లైసెన్సు గల రియల్ ఎస్టేట్ ఏజెంటు చేతుల మీదుగానే జరుగుతాయి. మన సభ్యులలో పిల్లలు ఆ దేశంలో స్థిరపడినవారు పలువురున్నారు. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు అక్కడి ఏజెంట్లు కొన్ని ప్రశ్నలకు ఎంత అడిగినా నోరు విప్పరు. ఆ మౌనం మర్యాద తక్కువై కాదు. దాని వెనుక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. రిజిస్ట్రేషన్ శాఖలో ఉద్యోగ జీవితమంతా దస్తావేజులు చదువుతూ గడిపినవాడిని గనుక ఆ చరిత్ర నన్ను ఆకట్టుకుంది. ఎందుకంటే అందులో అసలు కథ నడిచింది దస్తావేజులోనే.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సంవత్సరాలలో అమెరికాలోని కొన్ని పట్టణాలు నల్లజాతివారు ఫలానా వీధులలో కాపురం ఉండరాదని మునిసిపల్ శాసనాలు చేశాయి. కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్ పట్టణం చేసిన అటువంటి శాసనాన్ని అక్కడి సుప్రీంకోర్టు 1917లో కొట్టివేసింది. అయితే పురపాలక సంఘం చేయలేని పనిని ప్రైవేటు ఒప్పందం చేసింది. ఈ ఆస్తిని తెల్లజాతివారికి తప్ప మరెవరికీ అమ్మరాదు, వారు ఇందులో నివసించరాదు అనే అర్థం వచ్చే షరతులను దస్తావేజులలోకి ఎక్కించారు. ఆ షరతు కొన్నవానితో తీరిపోయేది కాదు. ఆస్తిని అంటిపెట్టుకుని తరువాతి హక్కుదారులకూ సంక్రమించేది. కొన్న ఆస్తిని ఇక ఎవరికీ అమ్ముకోరాదని పూర్తిగా కట్టడి చేసే షరతు చెల్లదని మన 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 10వ సెక్షను చెబుతున్నది. అక్కడి కట్టడి మనిషి రంగును బట్టి పెట్టినది. కోర్టులు దానిని ఏళ్ల తరబడి అమలు జరిపాయి.

ఈ వ్యవహారంలో ఏజెంట్ల పాత్ర చాటుమాటుది కాదు. 1908లో షికాగోలో ఏర్పడిన వారి జాతీయ సంఘం 1924లో తన నీతి నియమావళిలోనే ఒక నిబంధన చేర్చింది. ఏ జాతివారి రాక వలన ఒక పేటలో ఆస్తుల విలువ తగ్గుతుందో ఆ జాతివారిని ఆ పేటలోకి తీసుకురావడానికి ఏజెంటు కారకుడు కారాదని దాని సారాంశం. అంటే వివక్ష చూపకపోవడమే ఆనాడు వృత్తిధర్మానికి విరుద్ధం! 1950లో గాని ఆ నిబంధనలో జాతి ప్రస్తావన తొలగలేదు. ప్రభుత్వమూ తక్కువ తినలేదు. 1930లలో గృహరుణ సంస్థ రెండు వందలకు పైగా నగరాలకు పటాలు గీయించి, నల్లజాతివారుండే పేటలకు ఎర్రరంగు వేయించింది. ఎర్రరంగు పడిన పేటలో అప్పు పుట్టడం గగనమయ్యేది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక న్యూయార్కు పక్కనున్న లాంగ్ ఐలండ్‌లో లెవిట్‌టౌన్ అనే కాలనీ వెలసింది. 1947 నుండి నాలుగైదేళ్లలో 17 వేలకు పైగా ఇళ్లు కట్టారు. అక్కడి తొలి ఒప్పంద పత్రాలలోనూ తెల్లజాతివారికి మాత్రమే అనే షరతు ఉంది.

ఇది నల్లజాతివారి గొడవ, మనకేమిటి అనుకోవడానికి వీలులేదు. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు వ్యవసాయ భూమి కొనరాదని కాలిఫోర్నియా 1913లో చట్టం చేసింది. భగత్ సింగ్ థిండ్ అనే మన పంజాబీ సోదరుని కేసులో, భారతీయులు తెల్లవారి లెక్కలోకి రారు గనుక పౌరసత్వానికి అర్హులు కారని 1923లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దానితో అక్కడ సేద్యం చేసుకుంటున్న పంజాబీ రైతులు ఆ భూమి చట్టం పరిధిలోకి వచ్చిపడ్డారు. 1946లో చట్టం మారే వరకు మనవారికి పౌరసత్వానికి దారి లేదు.

దస్తావేజులోని షరతుకు దెబ్బ తగిలింది 1948లో. మిస్సోరి రాష్ట్రం సెయింట్ లూయిస్ నగరంలో షెల్లీ అనే నల్లజాతి దంపతులు 1945లో ఒక ఇల్లు కొన్నారు. ఆ వీధిలోని ఆస్తిదారులలో ఎక్కువమంది 1911లోనే 50 ఏళ్ల గడువుతో జాతి షరతు రాసుకుని ఉన్నారు. వారిని ఖాళీ చేయించాలని దావా పడింది. సుప్రీంకోర్టులోని తొమ్మిదిమంది న్యాయమూర్తులలో ముగ్గురు ఆ కేసులో పాల్గొనలేదు. మిగిలిన ఆరుగురూ ఏకగ్రీవంగా, అటువంటి షరతును అమలు జరిపే పనికి ప్రభుత్వ న్యాయస్థానం పూనుకోరాదని తీర్పు ఇచ్చారు. షెల్లీ కుటుంబం ఆ ఇంట్లో నిలిచింది.

షరతుకు కోర్టు బలం పోయింది గాని ఏజెంటు నోటి మాట మిగిలింది. ఇప్పుడే అమ్ముడైపోయిందండీ అనే మాటకు దస్తావేజు అక్కరలేదు గదా! 1966లో మార్టిన్ లూథర్ కింగ్ షికాగోలో ఉద్యమం నడిపినప్పుడు ఇళ్ల వ్యాపారుల కార్యాలయాల ముందే ప్రదర్శనలు జరిగాయి. ఆగస్టు 5న ఊరేగింపులో ఆయన తలకు రాయి తగిలింది. 1968 ఏప్రిల్ 4న ఆయన హత్యకు గురయ్యారు. వారం తిరిగేసరికి, ఏప్రిల్ 11న, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఫెయిర్ హౌసింగ్ చట్టంపై సంతకం చేశారు.

జాతి, రంగు, మతం, జాతీయ మూలం కారణంగా ఇల్లు అమ్మననడం, అద్దెకివ్వననడం, ఖాళీ ఉండగా లేదని చెప్పడం, అటువంటి ప్రకటన వేయడం చట్టవిరుద్ధమని ఆ చట్టం చెప్పింది. ఫలానావారు వస్తున్నారు, మీ ఇంటి ధర పడిపోతుంది అని భయపెట్టి చవకగా అమ్మించే దళారీతనాన్నీ నిషేధించింది. 1974లో స్త్రీ పురుష భేదాన్ని, 1988లో వికలాంగతను, పిల్లలున్న కుటుంబం అనే కారణాన్ని చేర్చారు. తన సొంత ఇంటిని ఏజెంటు లేకుండా అమ్ముకునే సామాన్యుడికి ఈ చట్టంలో కొంత మినహాయింపు ఉంది. ఏజెంటును పెట్టుకున్న క్షణాన ఆ మినహాయింపు పోతుంది. చట్టం ఏజెంటు మీద ఎంత బరువు పెట్టిందో దీనిని బట్టి గ్రహించవచ్చు.

అబద్ధాన్ని పట్టుకోవడం ఎలా? అందుకు పరీక్షకుల పద్ధతి వచ్చింది. ఒకే ఆదాయం చెప్పే ఇద్దరిని, ఒక తెల్లవారిని, ఒక నల్లవారిని, ఒకే కార్యాలయానికి వేర్వేరుగా పంపుతారు. ఇద్దరికీ చెప్పిన జవాబులను పోల్చి చూస్తారు. వర్జీనియాలోని ఒక అద్దె ఇళ్ల కేసులో, అబద్ధపు జవాబు పొందిన పరీక్షకురాలికి ఇల్లు తీసుకునే ఉద్దేశం లేకపోయినా దావా వేసే హక్కు ఉందని 1982లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక ఏజెంటు మౌనం సంగతి. మా పెద్దమ్మాయీ అల్లుడుగారూ టెక్సాస్‌లో ఇల్లు చూస్తున్నప్పుడు మేము అక్కడే ఉన్నాము. ఏజెంటు మన తెలుగు అమ్మాయే. మా శ్రీమతి చనువుగా, "అమ్మా, మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కాలనీ చూపించమ్మా" అన్నది. "ఆంటీ, ఆ ఒక్కటీ నన్ను అడగకండి. మీరు కాలనీ పేరు చెప్పండి, అక్కడ మీ ధరలో ఉన్న ఇళ్లన్నీ చూపిస్తాను. ఏ కాలనీలో ఎవరున్నారో మాత్రం నేను చెప్పకూడదు" అని ఆ అమ్మాయి నవ్వుతూ బదులిచ్చింది. మనపిల్ల అయ్యుండీ మనకే చెప్పదా అని మా శ్రీమతి నొచ్చుకున్నది. కాని ఈనాడు మనవారున్న చోటికి మనల్ని నడిపించే చెయ్యే రేపు మనల్ని మరొక చోటికి రానివ్వకుండా మళ్లించగలదు. కొనేవారిని వారి జాతిని బట్టి ఒక పేటకు మళ్లించడం చట్టరీత్యా తప్పు. కొనేవారే అడిగారన్నది ఏజెంటుకు రక్షణ కాదు.

అందుచేత జాగ్రత్త గల ఏజెంటు అందరినీ ఒకే ప్రశ్నలు అడుగుతాడు. ధర ఎంత, గదులెన్ని, ఆఫీసుకు ఎంత దూరం అన్నవే ఆ ప్రశ్నలు. ఎవరికి ఏ ఇళ్లు చూపించాడో రాసి పెట్టుకుంటాడు. బడి మంచిదా, పేట క్షేమమా అని అడిగితే ప్రభుత్వ లెక్కలు ఎక్కడ దొరుకుతాయో చెబుతాడు. ప్రకటనలో ఇంటిని వర్ణిస్తాడు గాని, అందులో ఎటువంటివారు ఉండాలో రాయడు. కుటుంబ ఫోటో జతచేసి అమ్మేవారికి ఉత్తరం రాస్తామంటే వద్దని వారిస్తాడు.

చట్టం వచ్చింది గనుక అంతా సవ్యంగా ఉందని కాదు. న్యూస్‌డే పత్రిక ఆ లాంగ్ ఐలండ్‌లోనే మూడేళ్లు పరిశోధించి, పరీక్షకులను 93 మంది ఏజెంట్ల దగ్గరకు పంపి, 2019 నవంబరులో ఫలితాలు ప్రకటించింది. నల్లజాతివారికి 49 శాతం, హిస్పానిక్‌లకు 39 శాతం, ఆసియా సంతతివారికి 19 శాతం పరీక్షలలో అసమానత కనిపించింది. ఆ ఆసియా సంతతివారి లెక్కలోనే మన పిల్లలూ ఉన్నారు. మరుసటి ఏడాది, 2020 నవంబరులో, ఏజెంట్ల జాతీయ సంఘం తన పాత విధానాలకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది.

మన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు పెద్దసంఖ్యలో అమెరికా వెళ్లింది 1965 వలస చట్టం తరువాత. వారు ఇల్లు కొనే స్తోమతకు చేరేసరికి ఈ చట్టం సిద్ధంగా ఉంది. ఆ చెట్టు నాటినవారు షెల్లీ దంపతులూ, షికాగో వీధులలో రాళ్లదెబ్బలు తిన్నవారూ. నీడ మన పిల్లలది.

మరి మన ఊళ్ల మాట? మన రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల పేర్లు చెప్పి వివక్షను నిషేధించింది. ఆ పట్టికలో నివాసగృహం పేరు లేదు. పారసీలకు మాత్రమే సభ్యత్వమిచ్చే ఒక సహకార గృహనిర్మాణ సంఘం నిబంధన చెల్లుతుందని 2005లో మన సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బదిలీ ఉద్యోగాలు చేసినవారం గనుక మనకు ఇది పుస్తకాల విషయం కాదు. నాతో పనిచేసిన ఒక గుమాస్తా ఒక పట్టణానికి బదిలీపై వచ్చి, "మీరేమిట్లు?" అన్న ప్రశ్నకు నిజం చెప్పినందుకు పదకొండు ఇళ్ల గుమ్మాల నుండి తిరిగివచ్చాడు. మూడు నెలలు ఆఫీసు రికార్డు గదిలో పడుకున్నాడు. పొద్దున్నే లేచి పక్క చుట్టి, అందరికంటే ముందే తన కుర్చీలో కూర్చునేవాడు.

ఈనాడు మనలో చాలామంది పై వాటా అద్దెకిచ్చుకునే ఇంటి యజమానులం. మనకు అటువంటి చట్టం లేకపోవచ్చు. గేటు దగ్గర నిలబడినవారిని ఏమి అడగాలో, ఏమి అడగకూడదో నిర్ణయించుకోవడానికి చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. అద్దె ఎంత, ఎందరుంటారు, ఎప్పుడు చేరతారు అన్న మూడు ప్రశ్నలు చాలు.