గోదావరి బొంత: పాత చీరల పొరల్లో నేత చరిత్ర

రాయవరం పరిసరాల్లోని గోదావరి డెల్టా గ్రామాల్లో బొంత, అంటే వాడి మెత్తబడిన చీరలనూ పంచెలనూ పొరలుగా పరచి చేత్తో కుట్టిన పడక వస్త్రం, ఇంటి స్త్రీల శ్రమకే గాక ఆ ప్రాంతపు నేతకు కూడా సాక్ష్యం. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతపు పాత బొంతల్లో చలికి తగినట్టు ఉన్ని గుడ్డలు, ఉన్ని కూరుపు కనిపిస్తే, ఇక్కడి ఉక్కకు నూలు పొరలే చాలాయి.

ఇలాంటి బొంతను పరిశీలించేటప్పుడు ముందుగా చూడవలసినవి చిరుగులు, ఎందుకంటే పై గుడ్డ చిరిగిన చోట బయటపడే లోపలి పొర అంతకంటే పాతది కావచ్చు. చేతితో వడికిన నూలు గుడ్డలో పడుగు, పేక, అంటే నిలువు, అడ్డ దారాలు, సన్నగానో లావుగానో తేడాగా ఉంటాయి; మిల్లు నూలులో ఆ తేడా దాదాపు కనిపించదు. సూదిని పైకీ కిందికీ నడిపిన సాదా కుట్టు వరుసల్లో నడుమ దారం రంగు మారితే అది తర్వాతి మరమ్మతుకు గుర్తు కావచ్చు.

ఈ నూలుకు సముద్రం దాటిన చరిత్ర ఉంది: నరసాపురం దగ్గరి మాదపోలెం పేరు ఒక మెత్తని నూలు గుడ్డకే స్థిరపడింది, భారతీయ అద్దకపు గుడ్డల గిరాకీకి జంకిన బ్రిటన్ 1721లో చట్టం చేసి వాటిని దుస్తులుగా, పడక సామగ్రిగా వాడటాన్ని నిషేధించింది. అలాంటి నేత ఆనవాళ్లు ఇంటి బొంతల్లో మిగిలి ఉండవచ్చు గనుక, వాటిని పారవేయక, ఎవరు ఎప్పుడు కుట్టారో పెద్దలను అడిగి రాసిపెట్టుకోవాలి.