పది నిమిషాల ముప్పై సెకన్లు

మూడో కరెంటు స్తంభం దాటగానే ఆమెకి కడుపులో తిప్పింది. గట్టు పక్కకి రెండడుగులు వేసి, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, రాత్రి తిన్నదంతా కక్కేసింది.

2023 ఫిబ్రవరి. తెల్లారగట్ల నాలుగున్నర. కడియపులంక దగ్గర కాలవ గట్టు. మంచు ఎంత దట్టంగా ఉందంటే పక్కనే పారుతున్న నీళ్ళు కనపడట్లేదు, చప్పుడొక్కటే వినిపిస్తోంది. నర్సరీల వైపు నుంచి తడిసిన ఎర్రమట్టి వాసన, నానిన కొబ్బరి పొట్టు వాసన. ముందు వెళ్ళిపోయిన వాళ్ళ అడుగుల చప్పుడు మంచులో కలిసిపోయింది. చున్నీతో మూతి తుడుచుకుంది. ఇక ఇంటికి పోదామనుకుంది. అప్పుడే ఆ అడుగులు మళ్ళీ వినపడ్డాయి. ఈసారి తన వైపే వస్తున్నాయి.

వెనక టీవీఎస్ ఎక్సెల్ బండి లైటు. దాని మీద మెడలో విజిల్ వేసుకున్న పెద్దాయన.

"కక్కేశావా?"

"ఆయ్."

"మంచిదే. మూతి కడుక్కుని లైన్లోకి రా."

"నావల్ల కాదు మావయ్యా."

"నీవల్ల కాదని నాకూ తెలుసమ్మా. అందుకే వాళ్ళు వెనక్కొచ్చారు."

ఆయన ఆర్మీలో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. ఊళ్ళో అందరికీ ఫౌజీ మావయ్యే. మోకాలు అరిగిపోయి పరిగెత్తలేడు, బండి మీద వెంట వస్తాడు. ఫీజు లేదు. రూలు ఒక్కటే ఉంది. ముందు చేరినోడు అక్కడ ఆగకూడదు. వెనక్కి వెళ్ళి ఆఖరోళ్ళని వెంటబెట్టుకుని రావాలి. ఆఖరి మనిషి చేరితేనే ఆ రౌండు అయినట్టు. అప్పటిదాకా ఎవరూ నీళ్ళ బాటిలు మూత తియ్యడానికి లేదు. ఆర్మీ ర్యాలీకి తయారవుతున్న కుర్రాళ్ళు, పొట్ట తగ్గించుకుందామని వచ్చిన ఎరువుల కొట్టు గుమస్తా, కానిస్టేబుల్ ప్రిలిమ్స్ గట్టెక్కిన ఇద్దరు ఆడపిల్లలు, అందరూ చెమటలు కక్కుతూ, దాహంతో నోళ్ళు పిడచగట్టుకుపోయి, ఆ మంచులో ఆమె చుట్టూ నిలబడి, ఎవరూ ఏమీ అనకుండా, కాళ్ళు మాత్రం ఆపకుండా నిలబడ్డచోటే పరిగెడుతూ ఉన్నారు.

ఆమె కదలక తప్పలేదు.

రెండు స్తంభాల దూరం చచ్చేట్టు పరుగు, ఒక స్తంభం నడక. మళ్ళీ రెండు, మళ్ళీ ఒకటి. స్వీడన్‌లో 1930ల్లో పరుగు కోచ్‌లు అడవి దారుల్లో ఇదే పని చేయించారు. వాళ్ళకి చెట్లు, ఇక్కడ కరెంటు స్తంభాలు. వేగంగా పరిగెత్తినప్పుడు గుండె పైకి ఎగదన్నుతుంది, నడకలో కొంచెం దిగుతుంది, పూర్తిగా దిగకముందే మళ్ళీ విజిల్. ఆమెకి ఇవేమీ తెలీవు. తెలిసిందల్లా ఒక అంకె.

పది నిమిషాల ముప్పై సెకన్లు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో ఆడవాళ్ళు 1600 మీటర్లు అంతలో పూర్తిచెయ్యాలి. మగవాళ్ళకి 8 నిమిషాలే. అదయ్యాక 100 మీటర్లు 18 సెకన్లలోగానీ, లాంగ్‌జంప్ 2.75 మీటర్లుగానీ, ఏదో ఒకటి కొట్టాలి. ఆ జనవరి 22న నాలుగున్నర లక్షల మందికి పైగా రాసిన ప్రిలిమ్స్‌లో గట్టెక్కింది 95,208 మంది, వాళ్ళలో ఆమె ఒకతి. పోస్టులు 6,100. డిగ్రీ అయిపోయాక నర్సరీలో రోజంతా కూర్చుని కవర్లలో మట్టి నింపుతున్న మనిషి ఆమె. హైస్కూలు గ్రౌండులో మొదటిసారి ఫోన్లో టైం పెట్టుకుని పరిగెత్తింది. పదమూడు నిమిషాలు దాటింది.

ఈవెంట్స్ మార్చిలో. నెల రోజులు కూడా లేదు.

మావయ్య ఆ దూరాన్ని నాలుగు ముక్కలు చేశాడు. నాలుగు నాలుగొందలు. ఒక్కో ముక్క రెండు నిమిషాల ముప్పై ఏడు సెకన్లలో రావాలి. ముక్క ముక్కకీ మధ్య రెండు నిమిషాలు గాలి పీల్చుకోవడం. రోజులు గడిచేకొద్దీ ఆ రెండు నిమిషాలు ఒకటిన్నర అయ్యాయి, తర్వాత ఒకటి. 1954లో మైలు దూరాన్ని నాలుగు నిమిషాల లోపు మొదటిసారి పరిగెత్తిన రోజర్ బానిస్టర్ కూడా ఇలాగే ముక్కలు చేసుకునే సాధన చేశాడు. ఆయన వైద్య విద్యార్థి, మధ్యాహ్నం దొరికిన ఖాళీలో స్నేహితులతో కలిసి పరిగెత్తేవాడు. మైలంటే మన పదహారు వందలకి కాస్త ఎక్కువ.

నర్సరీలో పని మధ్య ఆమె పిక్కలు పట్టేసేవి. మట్టి తట్ట ఎత్తబోతే తొడలు వణికేవి. "ఏంటే, ఎవరన్నా తరిమేరా?" అని తోటి ఆడవాళ్ళు నవ్వేవారు. ఆమె నవ్వేది కాదు. రాత్రి ఎనిమిదికే పడుకునేది. పదమూడు కాస్తా పన్నెండయింది. పన్నెండు పదకొండున్నర అయింది. ఒక ఉదయం గ్రౌండులో నాలుగో రౌండు తిరిగి సున్నం గీత మీద పడిపోయినప్పుడు, మావయ్య స్టాప్‌వాచ్ ఆమె కళ్ళ ముందు పెట్టాడు.

10:50.

ఇంకో ఇరవై సెకన్లు. అంతే.

ఆ వారంలోనే వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడింది. గట్టు మీద అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. ఎమ్మెల్సీ ఎన్నికల కోడ్. ఈవెంట్స్ వాయిదా. మావయ్య చదివి, ఫోను జేబులో పెట్టి, విజిల్ ఊదాడు. "మహా అయితే ఒక నెల. కానివ్వండి."

నెల కాలేదు. వేసవిలో కాలవ కట్టేశారు. జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలారు. కోర్టుల్లో కేసులన్నారు, ఎన్నికలన్నారు. వాయిదా కాగితం మీద ఒక్క వాక్యం. ఒంటికి మాత్రం అలా కాదు. పరీక్షకి చదివింది ఆర్నెల్ల తర్వాత తిరగేస్తే కొంత గుర్తుకొస్తుంది. దమ్ము అలా దాచుకునేది కాదు, సాధన మానేసిన రెండు మూడు వారాల్లోనే జారిపోవడం మొదలెడుతుంది. గట్టు మీద మనుషులు పల్చబడ్డారు. ఒకడు హైదరాబాదులో డెలివరీ ఉద్యోగానికి పోయాడు. ఇద్దరు కువైట్ వెళ్ళారు. ఆమెకి పెళ్ళయింది. మొక్కల లోడు వేసుకుని ఉత్తరాదికి తిరిగే లారీ డ్రైవరు. అత్తవారిల్లు పక్క ఊరే. కొత్త కోడలు తెల్లారగట్ల ప్యాంటు వేసుకుని గట్టు మీద పరిగెడితే బాగోదన్నారు. బూట్లు అటక మీదకి ఎక్కాయి.

2024 నవంబరు. మొక్కలకి నీళ్ళు పెడుతుంటే పాత స్నేహితురాలి ఫోను. "ఒసేయ్, డేట్లు ఇచ్చేశారు. డిసెంబరు ఆఖర్నుంచి."

ఆ రాత్రి ఆమె అత్తగారితో ఒక్క మాటే చెప్పింది. "రేపట్నుంచి నాలుగింటికి లేస్తానండి." అత్తగారు చెయ్యి ఆపకుండా చింతపండు గింజలు తీస్తూనే ఉంది. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. పొద్దున్న లేచి చూస్తే వీధి గేటు గొళ్ళెం తీసి ఉంది.

గట్టు మీద టైం చూసుకుంటే మొదటిరోజు కంటే అధ్వాన్నం. పదమూడున్నర. బరువు పెరిగింది, గాలి ఆడదు. మావయ్య జుట్టు ఇంకా నెరిసింది, విజిల్ మాత్రం అదే. ఆయన వేళ్ళ మీద లెక్కెట్టాడు. చేతిలో ఉన్నవి ఆరేడు వారాలు.

"మెల్లగా పెంచుకుంటూ పోయేంత టైం లేదమ్మా. రేవు దగ్గరికి రండి."

కాలవ రేవు మెట్లు. పైమెట్టు ఎండి ఉంటుంది. కింద నాలుగు మెట్లకి బట్టల సబ్బు జిడ్డు, నాచు. ఆయన పైమెట్ల మీద ఇటుక ముక్కతో గీత గీశాడు, అది దాటి కిందకి దిగొద్దన్నాడు. విజిల్. ఇరవై సెకన్లు ఎక్కడం దిగడం, ఎంత ఊపుంటే అంత. విజిల్. పది సెకన్లు ఆగడం. విజిల్. ఎనిమిది సార్లు. మొత్తం నాలుగు నిమిషాలు. మూడో సారికి చెవుల్లో హోరు మొదలైంది, అయిదో సారికి తొడల్లో మంట, ఏడో సారికి నాలిక మీద ఇనుము రుచి, పక్కనున్న కుర్రాడి మోచెయ్యి తగులుతోంది, వెనక పిల్ల ఏడుస్తోంది, ఏడుస్తూనే ఎక్కుతోంది, ఎవరో అంకెలు గట్టిగా లెక్కెడుతున్నారు, ఆ గొంతు తనదేనని ఆమెకి కాసేపటికి గానీ తెలియలేదు.

ఈ ఇరవై-పది లెక్క జపాన్‌ది. స్పీడ్ స్కేటింగ్ జట్టు కోచ్ ఇరిసావా వాడిన పద్ధతిని ఇజుమి తబాతా అనే శాస్త్రవేత్త విద్యార్థుల మీద ప్రయోగించి 1996లో ప్రచురించాడు. వ్యాయామ సైకిలు మీద ఆరు వారాలు. ఊపిరి అందని స్థితిలో పనిచేసే శక్తి 28 శాతం పెరిగింది, దమ్మూ పెరిగింది. నగరాల్లో జిమ్ములు ఆ పేరు చెప్పి నెల నెలా ఫీజు తీసుకుంటున్నాయి. ఫౌజీ మావయ్య ఆ పేరు వినలేదు. రెజిమెంటులో ఎవరో చేయించారు, ఈయన చేయిస్తున్నాడు.

సాయంత్రాలు లాంగ్‌జంప్. ఇసుక పోసిన గుంటలో కొబ్బరి తాడు అడ్డంగా పరిచి దూకించేవాడు.

పదమూడున్నర పన్నెండుకి దిగింది. పన్నెండు పదకొండుకి దిగింది. అక్కడ ఆగిపోయింది.

డిసెంబరు 30న రాష్ట్రంలో ఈవెంట్స్ మొదలయ్యాయి. జనవరి మొదటి వారంలో ఒక వార్త. మచిలీపట్నంలో 1600 మీటర్లు పరిగెడుతూ ఒక కుర్రాడు కుప్పకూలాడు. చనిపోయాడు.

పేపరు అత్తగారి చేతిలో ఉంది. "ఇంక మానెయ్యే."

మర్నాడు గట్టు మీద పరుగు లేదు. మావయ్య అందర్నీ కూర్చోబెట్టాడు. ఒక్కొక్కర్నీ అడిగాడు. గుండెల్లో నొప్పొచ్చిందా ఎప్పుడైనా? కళ్ళు తిరిగాయా? రాత్రి జ్వరముందా? మూత్రం ముదురు రంగులో వచ్చిందా? ఆఖరి ప్రశ్నకి కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు. అలవాటు లేని ఒంటిని ఒక్కసారి అదుపు తప్పి తోమితే కండరం చితికి రక్తంలో కలుస్తుంది, కిడ్నీలకి ఎక్కుతుంది. ఆయనకి ఆ సంగతి పుస్తకంలో తెలిసింది కాదు, బారక్‌లో చూసిందే. గుమస్తాని నిలబెట్టి, బీపీ చూపించుకుని కాగితం తెస్తేనే రమ్మని పంపేశాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"నీకు నొప్పేమీ లేదుగా?"

"లేదండి."

"భయం?"

ఆమె జవాబు చెప్పలేదు.

జనవరిలో ఆమె వంతు వచ్చింది. రాత్రి రెండున్నరకి మినీ వ్యాను. రాజమండ్రి నుంచి కాకినాడ వెళ్ళే కెనాల్ రోడ్డు. అద్దాల మీద మంచు, డ్రైవరు తల బయటికి పెట్టి నడుపుతున్నాడు. ఒళ్ళో సర్టిఫికెట్ల ఫైలు. రెండు అరటిపళ్ళు. ఒకటే తినగలిగింది.

గ్రౌండు దగ్గర తెల్లారేసరికి క్యూ గేటు దాటింది. వెనక్కి చూస్తే వందల మంది, కొందరి తల్లులు గోడ పక్కన దుప్పట్లు పరుచుకుని కూర్చున్నారు, ఒకామె పసిపిల్లని తల్లి చేతిలో పెట్టి క్యూలోకి వస్తోంది. ఎత్తు చూశారు. 154. బరువు చూశారు. చెస్ట్ నంబరు ఇచ్చారు. సముద్రం గాలి ఉప్పగా, చెమ్మగా తగులుతోంది. గీత మీద నిలబడ్డాక ఆమెకి ఒక సంగతి తట్టింది. ఇక్కడ వెనక్కొచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు.

విజిల్.

మొదటి రౌండు గుంపుతో కొట్టుకుపోయింది. ఊపు ఎక్కువైంది, తెలుస్తూనే ఉంది, ఆపుకోలేకపోయింది. రెండో రౌండులో ఆ తప్పుకి వడ్డీ కట్టింది. మూడో రౌండుకి ముందున్నవాళ్ళు దూరమయ్యారు, పక్కటెముకల కింద కత్తి దిగినట్టు నొప్పి, కాళ్ళు ఎత్తుతోంది గానీ నేల కదలట్లేదు, గట్టు మీదైతే ఈపాటికి మంచులోంచి అడుగుల చప్పుడు వినపడాలి, చెవులు దానికోసమే వెతుకుతున్నాయి, అప్పుడు నిజంగానే వినపడింది, కాకపోతే వెనక నుంచి. ఎవరో తెలీని పిల్ల. ఎగశ్వాస. అడుగు అడుగుకీ "అమ్మా, అమ్మా" అంటోంది.

ఆమె తిరిగి చూడలేదు. ఆ "అమ్మా"కి తన అడుగు కలిపింది. వెనక పిల్ల దగ్గరయ్యేకొద్దీ తను జోరు పెంచింది, తను జోరు పెంచేకొద్దీ ఆ పిల్లా వదల్లేదు. నాలుగో రౌండు సగం. గడియారం వైపు చూడొద్దని మావయ్య చెప్పాడు. చూడలేదు. గీత దాటి పడిపోయింది. పక్కనే ఇంకో ఒళ్ళు పడిన చప్పుడు.

పైనుంచి మహిళా కానిస్టేబుల్ గొంతు. "పడుకోకూడదమ్మా. లే, నడువు. పది పన్నెండు. నువ్వు పది పదిహేను."

లాంగ్‌జంప్ మూడు ఛాన్సులు. మొదటిది ఫౌల్, బొటనవేలు గీత దాటింది. రెండోది 2.68. కాళ్ళు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. ఇసుకని పారతో సరిచేశారు. ఆమె బూటు తాడు విప్పి మళ్ళీ కట్టింది. పరిగెత్తింది. ఇసుకలో ముందుకు పడింది, చేతులు వెనక్కి ఆనకుండా. టేపు పరిచారు. ఇద్దరు వంగి చూశారు.

"రెండు, డెబ్భై తొమ్మిది."

వ్యానులోంచి ఫోను తీసుకుని చేసేసరికి పదకొండయింది. ఒక్క రింగుకే ఎత్తాడు.

"క్వాలిఫై మావయ్యా."

"టైం?"

"పది పన్నెండండి."

"మొదటి రౌండు పీకేశావా?"

"ఆయ్."

"చెప్పానా లేదా నీకు." కాసేపు ఆయన బండి ఇంజను చప్పుడే వినపడింది. "సరే, మెయిన్స్ ఎప్పుడంట?"

"తెలీదండి. డేటు ఇంకా ఇవ్వలేదు."

"ఇచ్చినప్పుడు ఇస్తారు. రెండ్రోజులు పడుకో. ఎల్లుండి నాలుగున్నరకి వచ్చెయ్. వేమగిరి పిల్లలు ఇద్దరికి ఇంకో వారంలో ఈవెంట్స్. ఆఖర్న ఉండిపోతున్నారు, వెనక్కెళ్ళి తెచ్చే మనిషి కావాలి."